చుట్టూ బోలెడంత వాయువు ఉన్న రోజుల్లో గెలాక్సీలు నక్షత్రాలను పుట్టించడం ఎలా మానేశాయి?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: విశ్వం వయసు వంద కోట్ల ఏళ్ళు దాటీ దాటకముందే కొన్ని పెద్ద గెలాక్సీల్లో నక్షత్రాలు పుట్టడం ఆగిపోయిందని జేమ్స్ వెబ్ టెలిస్కోప్ చూపించిందంటున్నారు, అప్పట్లో ఎక్కడ చూసినా హైడ్రోజనే కదా, మరి ఎలా ఆగింది? బ్లాక్ హోల్ చంపేసిందనే మాట నిజమేనా? అసలు ఆగిపోయిందని ఇంత దూరం నుంచి ఎలా చెప్తారు? మన పాలపుంత గతి కూడా ఇంతేనా?

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. పెద్ద గెలాక్సీల విషయంలో ఎక్కువ మంది అనుమానం బ్లాక్ హోల్ మీదే, నాదీ దాని మీదే. కానీ బ్లాక్ హోల్ ఒక్కసారి ఉఫ్‌మని ఊదింది, వాయువంతా పోయింది, గెలాక్సీ చచ్చిపోయింది అని వీడియోల్లో చెప్పేది సగం కథే. ఉన్న వాయువును తరిమేయడానికి కావలసినంత శక్తి దొరుకుతుంది, అది పెద్ద సమస్య కాదు. తరిమేశాక కొత్త వాయువు వచ్చి చేరకుండా, చేరినా చల్లబడి నక్షత్రాలుగా మారకుండా కోట్ల ఏళ్ళ పాటు ఆపగలగడం అసలు కష్టం. చాలా ఏళ్ళుగా గెలాక్సీల స్పెక్ట్రమ్‌లతో, అంటే వాటి కాంతిని రంగులుగా విడదీసిన పట్టీలతో పనిచేస్తున్నాను, ఈ రంగంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ పట్టి ఉంచిన ప్రశ్న ఇదే.

ఆగిందని ఎలా తెలుస్తుందో ముందు చూద్దాం, ఎందుకంటే మిగతాదంతా దాని మీదే నిలబడుతుంది. నక్షత్రాలు పుట్టినప్పుడు చిన్నవీ పెద్దవీ కలిసే పుడతాయి. బాగా బరువైనవి నీలంగా, విపరీతమైన వేడితో వెలిగి ముప్ఫై లక్షల నుంచి కోటి ఏళ్ళలో అయిపోతాయి. అవి బతికున్నంతసేపూ చుట్టూ ఉన్న హైడ్రోజన్‌ను అయాన్లుగా మారుస్తాయి, ఆ హైడ్రోజన్ 656 నానోమీటర్ల దగ్గర ఎర్రటి గీతగా వెలుగుతుంది, దాన్ని హెచ్-ఆల్ఫా అంటాం. ఆ గీత లేకపోతే గత కోటి ఏళ్ళలో అక్కడ చెప్పుకోదగ్గ పుట్టుకలు లేవనే అర్థం. సూర్యుడికి రెండు మూడు రెట్లు బరువుండే ఎ-రకం నక్షత్రాలు మాత్రం ముప్ఫై కోట్ల నుంచి వంద కోట్ల ఏళ్ళ వరకు బతుకుతాయి. వాటి కాంతిలో హైడ్రోజన్ గీతలు నల్లగా, లోతుగా పడతాయి, 365 నానోమీటర్ల దగ్గర కాంతి ఒక్కసారిగా తగ్గిపోతుంది. ఉపరితలం పది వేల డిగ్రీల దగ్గర ఉన్న నక్షత్రాల్లోనే ఆ గీతలు అంత బలంగా ఎందుకుంటాయో మేఘనాథ్ సాహా 1920లో ఇచ్చిన అయనీకరణ సమీకరణంతోనే అర్థమైంది, ఇవాళ్టికీ మేము వేసే ప్రతి మోడల్ లోపల అది ఉంటుంది. కాబట్టి ఒక గెలాక్సీ స్పెక్ట్రమ్‌లో హెచ్-ఆల్ఫా వెలుగు లేకుండా ఎ-రకం నక్షత్రాల ముద్ర మాత్రం బలంగా కనిపిస్తే, కొన్ని పదుల కోట్ల ఏళ్ళ క్రితం వరకు జోరుగా పుట్టుకలు జరిగి ఆ తర్వాత ఆగిపోయాయని చెప్పొచ్చు.

వెబ్ వచ్చేదాకా ఎందుకు ఆగాల్సి వచ్చిందంటే, విశ్వం విస్తరించడం వల్ల ఆ కాంతి తరంగదైర్ఘ్యం సాగిపోతుంది. ఎంత సాగిందో చెప్పే అంకెనే రెడ్‌షిఫ్ట్ అంటాం, అది ఎంత పెద్దదైతే గెలాక్సీ అంత దూరం. రెడ్‌షిఫ్ట్ 4.66 దగ్గరున్న గెలాక్సీ హెచ్-ఆల్ఫా మన దగ్గరికి వచ్చేసరికి 3.7 మైక్రాన్ల దగ్గర పడుతుంది. ఆ ఇన్‌ఫ్రారెడ్ ప్రాంతంలో మన వాతావరణమే మెరుస్తుంటుంది, టెలిస్కోప్ వేడి కూడా అక్కడే వెలుగుతుంది, అంత మసక గెలాక్సీని నేల మీద నుంచి చూడటం కుదరని పని. 2021 డిసెంబర్ 25న బయలుదేరిన వెబ్ అద్దం 6.5 మీటర్లది, దాన్ని బాగా చల్లగా ఉంచుతారు, అందుకే 2022 నుంచి ఈ గెలాక్సీల కథ మారిపోయింది.

ధూళి గురించి కూడా చెప్పాలి. ముసలి నక్షత్రాలున్న గెలాక్సీ ఎర్రగా కనిపిస్తుంది, లోపల జోరుగా నక్షత్రాలు పుడుతూ చుట్టూ ధూళి కప్పుకున్న గెలాక్సీ కూడా ఎర్రగానే కనిపిస్తుంది. రంగు ఒక్కటే చూసి తేల్చలేం. దీనికి మంచి ఉదాహరణ జెడ్‌ఎఫ్-కాస్మోస్-20115. విశ్వం వయసు 165 కోట్ల ఏళ్ళున్నప్పటి గెలాక్సీ అది. హవాయిలోని కెక్ టెలిస్కోప్‌తో తీసిన స్పెక్ట్రమ్‌తో 2017లో కార్ల్ గ్లేజ్‌బ్రూక్ బృందం దాన్ని ఆగిపోయిన గెలాక్సీగా ప్రకటించింది. వెంటనే అభ్యంతరం వచ్చింది: అదే చోటు నుంచి ధూళి వేడికి వచ్చే సబ్‌మిల్లీమీటర్ కాంతి వస్తోంది, అంటే లోపల దాగి నక్షత్రాలు పుడుతూనే ఉన్నాయేమో అని. చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోప్‌తో ఇంకా సూక్ష్మంగా చూస్తే ఆ ధూళి కాంతి పక్కనే, సుమారు పది వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న వేరే గెలాక్సీదని తేలింది. మొదటిది నిజంగానే ఆగిపోయిందని నిలబడింది. ఆ అభ్యంతరం పెట్టినవాళ్ళ మీద నాకు చాలా గౌరవం, అది లేకపోతే ఆ రెండో గెలాక్సీ ఉందనే తెలిసేది కాదు.

ఇక నాకు బాగా ఇష్టమైన గెలాక్సీ దగ్గరికి వస్తాను, పేరు జీఎస్-9209. 2023లో ఆడమ్ కార్నాల్ బృందం వెబ్ స్పెక్ట్రమ్‌తో దాని వివరాలు ప్రచురించింది. మనకు కనిపిస్తున్నది విశ్వం వయసు 125 కోట్ల ఏళ్ళున్నప్పటి రూపం. దానిలోని నక్షత్రాల మొత్తం బరువు సుమారు 4000 కోట్ల సూర్యుళ్ళంత, దాదాపు మన పాలపుంత స్థాయి. అంతా సుమారు ఇరవై కోట్ల ఏళ్ళలో పుట్టేసింది, విశ్వానికి ఎనభై కోట్ల ఏళ్ళు వచ్చేసరికే ఆగిపోయింది. సగటున ఏడాదికి రెండు వందల సూర్యుళ్ళన్నమాట, మన పాలపుంతలో ఇప్పుడు ఏడాదికి ఒకటో రెండో. దాని కాంతిలో సగం 700 కాంతి సంవత్సరాల వ్యాసార్థంలోనే ఇమిడిపోయింది, అంత దట్టంగా ఉంది. ఇందులో హెచ్-ఆల్ఫా కనిపించింది, కానీ చాలా వెడల్పుగా, అంటే సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో తిరిగే వాయువు నుంచి వచ్చింది, నక్షత్రాల పుట్టుక వల్ల అలా రాదు. దాన్నిబట్టి మధ్యలో సుమారు 50 కోట్ల సూర్యుళ్ళ బరువున్న బ్లాక్ హోల్ ఉందని లెక్క తేలింది.

ఇప్పుడు అసలు విషయం. గెలాక్సీని చెరువు అనుకోండి. తూము తెరిస్తే ఉన్న నీళ్ళు పోతాయి, కానీ పైనుంచి కాలువ పారుతూనే ఉంటే చెరువు మళ్ళీ నిండుతుంది. జీఎస్-9209 కాలంలో విశ్వం సగటు సాంద్రత ఇప్పటికన్నా 180 రెట్లు ఎక్కువ, పెద్ద గెలాక్సీల మీదికి పారే వాయువు కూడా ఇప్పటికన్నా పదుల రెట్లు ఎక్కువ. అందుకే "ఉన్న వాయువంతా నక్షత్రాలుగా మారి అయిపోయింది, కాబట్టి ఆగింది" అనే తేలిక వివరణ ఆ కాలానికి పనికిరాదు. అయిపోతే మళ్ళీ వస్తుంది.

వచ్చే వాయువును ఆపే సహజమైన మార్గం ఒకటుంది. గెలాక్సీ చుట్టూ ఉండే డార్క్ మ్యాటర్ (కంటికి కనపడకుండా గురుత్వంతోనే తెలిసే పదార్థం) గోళం మొత్తం బరువు లక్ష కోట్ల సూర్యుళ్ళకు చేరేసరికి, లోపలికి పడే వాయువు అంచులోనే గుద్దుకుని లక్షల డిగ్రీలకు వేడెక్కుతుంది, అంత వేడి వాయువు త్వరగా చల్లబడదు. 2003లో బిర్న్‌బోయిమ్, డెకెల్ ఈ లెక్క చేశారు. దగ్గరి విశ్వంలో ఇది బాగా పనిచేస్తుంది. తొలినాళ్ళలో మాత్రం వాయువు సన్నని ధారలుగా, దట్టంగా వచ్చేది, ఆ ధారలు వేడి వాయువును చీల్చుకుని చల్లగానే మధ్యదాకా చేరిపోగలవని కంప్యూటర్ సిమ్యులేషన్లు చూపిస్తాయి. కాబట్టి అప్పట్లో ఆ వేడి ఒక్కటే అడ్డుగోడగా సరిపోదు.

సూపర్నోవాల సంగతేంటని అడుగుతారు. పుట్టిన ప్రతి వంద సూర్యుళ్ళ బరువుకి సుమారు ఒక నక్షత్రం సూపర్నోవాగా పేలుతుంది, మొత్తం శక్తిని కాగితం మీద కూడితే జీఎస్-9209 లాంటి గెలాక్సీని ఖాళీ చేయడానికి సరిపోయేలానే కనిపిస్తుంది. కానీ అంత దట్టమైన వాయువులో పేలితే ఆ శక్తిలో చాలా భాగం వేడెక్కిన వాయువు కాంతిగా వెదజల్లేస్తుంది, నెట్టడానికి కొంచెమే మిగులుతుంది. చిన్న గెలాక్సీల్లో గురుత్వాకర్షణ తక్కువ కాబట్టి ఆ కొంచెమే చాలు.

బ్లాక్ హోల్ లెక్క ఇక్కడే చేసి చూపిస్తాను, పెద్ద గణితం అక్కర్లేదు. బ్లాక్ హోల్ వైపు పడే పదార్థం బరువులో సుమారు పదో వంతు, ఐన్‌స్టీన్ సూత్రం ప్రకారం, శక్తిగా బయటికొస్తుంది. గెలాక్సీలో వాయువును గురుత్వం నుంచి విడిపించడానికి కావలసిన శక్తి దాదాపు దాని బరువును లోపలి వేగం వర్గంతో గుణించినంత. వేగం సెకనుకు 250 కిలోమీటర్లు అనుకుంటే కాంతివేగం దానికి 1200 రెట్లు, వర్గం చేస్తే 14 లక్షల పైన, అందులో పదో వంతు 1.4 లక్షలు. బ్లాక్ హోల్ బరువు నక్షత్రాల బరువులో 80వ వంతు, వాయువు కూడా నక్షత్రాలంతే ఉందనుకుంటే దాదాపు 1800 వస్తుంది. అంటే ఆ బ్లాక్ హోల్ పెరగడంలో విడుదలైన శక్తి గెలాక్సీలోని వాయువునంతా బయటికి నెట్టడానికి కావలసినదానికి సుమారు 1800 రెట్లు. వెయ్యిలో ఒక వంతు వాయువుకి అంటుకున్నా చాలు. అందుకే శక్తి దొరకడం సమస్య కాదన్నాను.

ఈ లెక్కలో గమనించాల్సింది ఇంకొకటి ఉంది. మనం వేసింది బ్లాక్ హోల్ ఇప్పటిదాకా మొత్తం మింగినదాని లెక్క. ఇవాళ అది ఎంత వెలుగుతోందన్నది వేరే విషయం. చాలామంది "మధ్యలో బ్లాక్ హోల్ మేతతో క్వేజార్‌గా వెలుగుతున్న గెలాక్సీల్లో కూడా నక్షత్రాలు పుడుతున్నాయిగా, మరి బ్లాక్ హోల్ ఎలా ఆపుతుంది" అని అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. దగ్గరి గెలాక్సీలను పెద్ద సంఖ్యలో పోల్చి చూస్తే పుట్టుకలు ఆగాయా లేదా అన్నది మధ్యలోని బ్లాక్ హోల్ బరువుతోనే అన్నిటికన్నా గట్టిగా ముడిపడి ఉంది, అంటే మొత్తం చరిత్రతో. ఆ క్షణపు వెలుగుతో అంత సంబంధం లేదు. తొలి విశ్వానికీ ఇదే వర్తిస్తుందని నా నమ్మకం, కానీ అక్కడ బ్లాక్ హోళ్ళ బరువులు కొలిచిన ఆగిపోయిన గెలాక్సీలు ఇంకా చాలా తక్కువ.

ఇలా గెలాక్సీ నుంచి వాయువును బయటికి నెట్టే గాలి నిజంగా వీస్తున్నట్టు నేరుగా చూశారా అంటే, చూశారు. జీఎస్-10578 అనే గెలాక్సీ, విశ్వానికి రెండు వందల కోట్ల ఏళ్ళున్నప్పటిది, బరువు సుమారు 20,000 కోట్ల సూర్యుళ్ళు. దాని స్పెక్ట్రమ్‌లో 589 నానోమీటర్ల దగ్గర సోడియం గీతలు కాస్త నీలం వైపు జరిగి ఉన్నాయి, అంటే ఆ సోడియం ఉన్న వాయువు సెకనుకు వందల కిలోమీటర్ల వేగంతో గెలాక్సీ నుంచి మన వైపు వస్తోంది. సోడియం పరమాణువు చాలా తేలిగ్గా ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకుంటుంది, అది చెక్కుచెదరకుండా ఉందంటే ఆ వాయువు చల్లగా ఉందన్నమాట, నక్షత్రాలు పుట్టాల్సిన సరుకే బయటికి పోతోంది. వెబ్‌కు ముందు మనం ఎక్కువగా వేడి గాలినే చూడగలిగేవాళ్ళం, దాని బరువు తక్కువ, అందుకే ఈ గాలులు గెలాక్సీని ఖాళీ చేయగలవా అని సందేహం ఉండేది. చల్లని వాయువును కలిపి లెక్కిస్తే బయటికి పోయేది, నక్షత్రాలుగా మారడానికి కావలసిన దానికన్నా ఎక్కువని తేలింది. ఆ తర్వాత ఆల్మాతో ఆ గెలాక్సీలో కార్బన్ మోనాక్సైడ్ కోసం వెతికారు, చల్లని హైడ్రోజన్ ఎంతుందో అంచనా వేయడానికి అదే ఆధారం, ఏమీ దొరకలేదు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఆ గెలాక్సీ ఇప్పటికీ క్రమంగా తిరుగుతూనే ఉంది, పెద్ద ఢీ ఏదో జరిగి చెల్లాచెదురైన ఆనవాళ్ళు లేవు. ఒకే ఒక్క పేలుడు కన్నా, బ్లాక్ హోల్ పదేపదే మేలుకుని ప్రతిసారీ కొంత వాయువును నెట్టేస్తూ, కొత్తది చేరనివ్వకుండా చేసిందనే కథ దీనికి బాగా నప్పుతుంది.

అయితే ఆగిపోయిన గెలాక్సీలన్నీ ఖాళీగా లేవు. రెడ్‌షిఫ్ట్ 1.5 నుంచి 3 మధ్య ఉన్న కొన్నింటిలో చల్లని వాయువు నక్షత్రాల బరువులో ఒక శాతం స్థాయి కూడా లేదు. కానీ ఇంకా దగ్గర్లో, కొత్తగా ఆగిన కొన్ని గెలాక్సీల్లో వాయువు దండిగా ఉంది, అయినా నక్షత్రాలు పుట్టట్లేదు. దారులు ఒకటి కన్నా ఎక్కువే ఉన్నాయని దీన్నిబట్టి అనుకోవాలి. అన్నిటికీ ఒకే కారణం చెప్పేవాళ్ళను నేను నమ్మను.

మళ్ళీ వెలగకుండా ఆపడం అనేది ఎలా ఉంటుందో దగ్గర్లో స్పష్టంగా చూడొచ్చు. సుమారు 24 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో పెర్సియస్ గెలాక్సీల సమూహం ఉంది. దాని మధ్యలో వేడి వాయువు దట్టంగా ఉంది, వదిలేస్తే చల్లబడి నడిమి గెలాక్సీలో ఏటా వందల సూర్యుళ్ళుగా మారాలి. కానీ అంతగా మారట్లేదు. చంద్రా ఎక్స్-కిరణ టెలిస్కోప్ చిత్రాల్లో ఆ వాయువులో పెద్ద పెద్ద ఖాళీలు కనిపిస్తాయి, బ్లాక్ హోల్ దగ్గర నుంచి వేగంగా దూసుకొచ్చే ధారలు (జెట్లు) నెట్టి చేసినవి, వాటి చుట్టూ ఒత్తిడి అలలు కూడా 2003లోనే గుర్తించారు. చల్లబడినప్పుడల్లా కొంత వాయువు బ్లాక్ హోల్‌కు చేరుతుంది, అది మేలుకుని వేడి చేస్తుంది, వేడెక్కాక మేత తగ్గి మళ్ళీ శాంతిస్తుంది. కోట్ల ఏళ్ళుగా ఇదే నడుస్తోంది. జీఎస్-9209 చుట్టూ కూడా ఇలాంటిదే జరిగి ఉండాలని మేమనుకుంటున్నాం, కానీ అంత దూరంలో ఒక గెలాక్సీ చుట్టూ ఉన్న వేడి వాయువు నుంచి వచ్చే ఎక్స్-కిరణాలను పట్టే శక్తి ఇప్పటి పరికరాలకు లేదు. ఐరోపా వాళ్ళు 2030ల చివర్లో పంపాలనుకుంటున్న న్యూ ఎథీనా ఎక్స్-కిరణ టెలిస్కోప్ కోసం నేను ఎదురుచూస్తున్నది అందుకే.

ఒక హెచ్చరిక కూడా. వార్తల్లో "చచ్చిపోయిన గెలాక్సీ" అన్నవాటిలో కొన్ని బహుశా ఊపిరి బిగబట్టినవే. జేడ్స్-జీఎస్-జెడ్7-01-క్యూయూ అనేది విశ్వానికి 70 కోట్ల ఏళ్ళున్నప్పటిది, 2024లో ప్రచురించారు, బరువు సుమారు 50 కోట్ల సూర్యుళ్ళు మాత్రమే. అందులో పుట్టుకలు ఆగి ఒకటి రెండు కోట్ల ఏళ్ళే అయింది. ఇంత చిన్న గెలాక్సీలు ఒక్కసారిగా నక్షత్రాలను పుట్టించి, సూపర్నోవాలతో వాయువును బయటికి నెట్టుకుని, అది తిరిగి పడ్డాక మళ్ళీ మొదలుపెడతాయి. దీనికి బ్లాక్ హోల్ అక్కర్లేదు. కానీ దాదాపు అదే కాలంలో రూబీస్-యూడీఎస్-క్యూజీ-జెడ్7 అని వెయ్యి కోట్ల సూర్యుళ్ళ పైన బరువున్నది కూడా దొరికింది, దాంట్లో ఆగి ఐదు నుంచి పది కోట్ల ఏళ్ళయింది. అంత బరువైనదాన్ని సూపర్నోవాలతో వివరించడం కష్టం. ఇది శాశ్వతంగా ఆగిందా లేదా అన్నది మాత్రం ఒక్క స్పెక్ట్రమ్ చూసి ఎవరూ చెప్పలేరు.

పుట్టుకలు ఎంత త్వరగా జరిగి ఆగాయో చెప్పే ఇంకో కొలత మెగ్నీషియం, ఇనుము నిష్పత్తి. బరువైన నక్షత్రాల సూపర్నోవాలు మెగ్నీషియంను ముప్ఫై లక్షల నుంచి కొన్ని కోట్ల ఏళ్ళలోనే ఇస్తాయి, ఇనుములో ఎక్కువ భాగం తెల్ల మరుగుజ్జు నక్షత్రాలు పేలాక వస్తుంది, దానికి పది కోట్ల నుంచి వంద కోట్ల ఏళ్ళు పైన పడుతుంది. ఇనుము తక్కువగా ఉంటే, అది వచ్చి కలిసేలోపే గెలాక్సీ దుకాణం మూసేసిందని అర్థం. ఇప్పటి పెద్ద దీర్ఘవృత్తాకార గెలాక్సీల్లో చాలా కాలంగా ఇదే కనిపిస్తోంది, అవి ఈ తొలినాటి గెలాక్సీల వారసులేనన్న అనుమానానికి ఇది మంచి బలం.

సిమ్యులేషన్ల మాటేమిటంటే, రెడ్‌షిఫ్ట్ 3 దాటాక వెబ్‌కు కనిపిస్తున్నన్ని బరువైన ఆగిపోయిన గెలాక్సీలను ప్రసిద్ధ సిమ్యులేషన్లలో చాలావరకు తయారుచేయలేకపోతున్నాయి. అంటే బిగ్ బ్యాంగ్ తప్పని కాదు, దయచేసి అలాంటి శీర్షికలు నమ్మకండి. బ్లాక్ హోళ్ళు ఎంత త్వరగా పెరుగుతాయి, వాటి శక్తి వాయువుకి ఎలా అంటుకుంటుంది అన్నవాటికి సిమ్యులేషన్లలో మనం ఉజ్జాయింపు సూత్రాలు రాసి పెట్టాం, అవి ఎక్కువగా దగ్గరి విశ్వాన్ని చూసి సరిచేసినవి. మార్చాల్సింది వాటిని.

చివరిగా మన పాలపుంత. నక్షత్రాల బరువు చూస్తే ఇది జీఎస్-9209తో సమానమే. కానీ దీని మధ్యనున్న బ్లాక్ హోల్ బరువు 43 లక్షల సూర్యుళ్ళు, అంటే జీఎస్-9209 బ్లాక్ హోల్‌లో వందో వంతు కూడా లేదు. నా దృష్టిలో ఈ రెండింటి జీవితాలు వేరుపడిన చోటు ఇదే. పక్కనున్న ఆండ్రోమెడాలో బ్లాక్ హోల్ పది కోట్ల సూర్యుళ్ళ స్థాయిది, ఆ గెలాక్సీ మనకన్నా పెద్దది, అయినా అక్కడ నక్షత్రాలు పుట్టే జోరు మన దగ్గరి కన్నా తక్కువ. రెండు గెలాక్సీలను చూసి ఏదీ రుజువు కాదు, కానీ ఈ తేడా మీరు అడిగిన ప్రశ్నకు సరిగ్గా తగిలేది. పాలపుంతలో చల్లని హైడ్రోజన్ ఇంకా వందల కోట్ల సూర్యుళ్ళంత ఉంది, బయటి నుంచి కొత్తది కూడా కొద్దికొద్దిగా వచ్చి చేరుతోంది, దగ్గర్లో ఆగే సూచనలేవీ లేవు.